అడుగులకు అరిసెలు



తెలుగువారి ఇండ్లలో పసిబిడ్డ పెరుగుదలను గుర్తించుటకు ఒక చక్కని పద్ధతి ఉన్నది. బిడ్డ బోర్లపడితే బొబ్బట్లు చేస్తారు. కూర్చుంటే కుడుములు. పాకితే పాయసము, గడప దాటితే గారెలు, అడుగు వేస్తే అరిసెలు. ప్రాంతమును బట్టి, ఇంటి ఆచారమును బట్టి పిండివంట మారవచ్చును గాని వరుస మాత్రము మారదు. అరిసెలను వరుసగా పరచి, బిడ్డను వాటిమీద చేయిపట్టి నడిపించి, ఆ పిమ్మట ఇరుగుపొరుగు వారికి పంచిపెట్టే వేడుకను మనలో చాలమంది చూచియే ఉంటారు.

ఈ వేడుకలను కేవలము ముద్దుముచ్చటలుగా భావించుట న్యాయము కాదు. బిడ్డ శరీరములో జరిగే ఒక గొప్ప కార్యమునకు మన పెద్దలు పెట్టుకొన్న గుర్తులివి. మెడ నిలుపుట, బోర్లపడుట, కూర్చుండుట, ప్రాకుట, నిలబడుట, నడచుట, పరుగెత్తుట, దుముకుట—పెద్ద కండరములతో జరిగే ఈ పనులను శిశువికాసమును పరిశీలించేవారు స్థూల చలన నైపుణ్యములని అంటారు. వ్రేళ్ళతో గింజను ఏరుకొనుట, గుండీ పెట్టుకొనుట వంటివి సూక్ష్మ నైపుణ్యములు. ఈనాటి ప్రసంగము మొదటివాటికే పరిమితము.

పెద్దల లెక్కలో ఒక విశేషమున్నది. వారు వరుసను చెప్పినారు గాని తేదీని చెప్పలేదు. అన్నప్రాశనకు నెల ఉన్నది, ముహూర్తమున్నది. అరిసెలకు ముహూర్తము లేదు. బిడ్డ ఏనాడు అడుగు వేస్తే ఆనాడే పండుగ. ఈనాటి ఇండ్లలో సంగతి తారుమారైనది. పక్కింటి బిడ్డ పదవ నెలలోనే నడిచినది, మన బిడ్డకు ఏడాది నిండినా గోడ వదలలేదే అని తల్లికి దిగులు, తండ్రికి చిన్నతనము. ఈ తొందర ఎంతవరకు తగినది? “నిదానము ప్రధానము” అన్నది ఒక సామెత. “ఆలస్యము అమృతము విషము” అన్నది మరియొక సామెత. బిడ్డ నడక విషయములో ఏది ఎక్కడ వర్తిస్తుంది? ఈ ప్రశ్నకు మా అనుభవములో రెండు జవాబులు దొరికినవి. ఒకటి మాకు సంతోషము కలిగించినది. రెండవది తలచుకొంటే నేటికిని సిగ్గు కలుగుతుంది. రెండింటిని ఈ ప్రసంగములో చెప్పుకొంటాము.

ముందుగా ఈ వరుస ఎందుకు మారదో చూద్దాము. అప్పుడే పుట్టిన శిశువు పొడుగులో నాలుగవ వంతు తలయే. పెద్దవారిలోనో, ఏడెనిమిది పాళ్ళలో ఒక పాలు. అంత బరువైన తలను నిలుపుకొనుటయే బిడ్డకు మొదటి విద్య. శరీరముపై మెదడు సాధించే అదుపు తలనుండి పాదములకు క్రమముగా దిగివస్తుంది. మొదట మెడ, తరువాత వీపు, నడుము, ఆ తరువాత కాళ్ళు. మెదడునుండి కండరములకు ఆజ్ఞలను తీసుకొనిపోయే నరములపై, విద్యుత్తీగపై తొడుగువంటి ఒక పొర ఏర్పడవలసి ఉన్నది. అది ఏర్పడేకొలది ఆజ్ఞ త్వరగా, తప్పిపోకుండ చేరుతుంది. తూకమును సరిచూచే చిన్న మెదడు, ఒరిగినామా నిలిచినామా అన్నది తెలిపే లోపలి చెవి, చుట్టును చూచే కన్ను—ఇవన్నియు ఒకదానితో ఒకటి పొందుపడవలసి ఉన్నది. ఇదంతయు మనము కంటితో చూడము. మనకు కనబడేది ఒకనాడు బిడ్డ బోర్లపడుట మాత్రమే.

అయితే మెదడు పండితే కాళ్ళు వాటంతట అవే కదలుతవి అనుకొనుట కూడ పూర్తి నిజము కాదు. పుట్టిన శిశువును చంకలక్రింద పట్టుకొని పాదములు నేలకు ఆనిస్తే, నడచుచున్నట్లు కాళ్ళు మార్చి మార్చి ఎత్తుతుంది. రెండు మూడు నెలలకు ఈ కదలిక మాయమవుతుంది. మెదడు ఎదిగి దానిని అణచివేసినదని చాలకాలము భావించినారు. 1984 లో అమెరికాలో ఎస్తర్ థెలెన్ అను శాస్త్రవేత్త, ఆమె సహచరులు కలిసి అటువంటి బిడ్డలను ఛాతీవరకు నీటిలో నిలిపి చూచినారు. కాళ్ళు తేలికపడగానే అడుగులు తిరిగి కనిపించినవి! ఆ నెలలలో కాళ్ళకు క్రొవ్వు పట్టి బరువెక్కినంతగా బలము రాలేదు, అంతే. బిడ్డ కదలికలో మెదడుతోపాటు కండబలము, ఒంటి బరువు, క్రింద ఉన్న నేల, అన్నియు భాగస్థులే అని దీనివలన తెలిసినది.

ఇక మన పిండివంటల వరుసలోనికి వద్దాము.

మొదటిది బొబ్బట్లు. నాలుగవ నెలనుండి ఆరవ నెలవరకు చాలమంది బిడ్డలు బోర్లపడుట నేర్చుకొంటారు. ఇందుకు సాధన కావాలె. నిద్రపోవునప్పుడు బిడ్డను వెల్లకిలనే పరుండబెట్టవలెను. బోర్ల నిద్రించే శిశువులకు ఆకస్మిక మరణ ప్రమాదము హెచ్చని తేలిన పిమ్మట 1990 ల నుండి వైద్యులు ఈ మాటను గట్టిగా చెప్పుచున్నారు. మెలకువగా ఉన్నప్పుడు మాత్రము, పెద్దవారు దగ్గర కూర్చుండి, బిడ్డను కొంతసేపు బోర్ల వేయవలెను. ఇంకను ప్రాకని బిడ్డకు దినములో అప్పుడప్పుడుగా కలిపి అరగంటయైనను ఇట్లు గడపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 లో సూచించినది. ఆ అరగంటలో బిడ్డ తల ఎత్తుతుంది, మోచేతులపై లేస్తుంది, వీపును గట్టిపరచుకొంటుంది. మన పెద్దవారు కాళ్ళు చాచుకొని, ఆ కాళ్ళమీద బిడ్డను బోర్ల పరుండబెట్టి, నూనె రాచి నీళ్ళు పోసే పద్ధతిలో కూడ ఈ సాధన కొంత ఉన్నదని గమనించగలరు. ఒక హెచ్చరిక. బోర్లపడుటకు ముందురోజు బిడ్డ మనకు కబురు పంపదు. మంచముమీద వదలి వంటింటిలోనికి పోయిన రెండు నిమిషములలోనే ఆ శుభము జరుగవచ్చును. బొబ్బట్లకు ముందే బిడ్డ పక్కను నేలమీదికి దింపుట మంచిది.

రెండవది కుడుములు. కూర్చున్న బిడ్డకు రెండు చేతులును విడుదలవుతవి. అంతవరకు పైకప్పును చూచిన కన్ను, ఇప్పుడు మన ముఖమునకు ఎదురుగా నిలుస్తుంది. తారంగమాడుటకు ఇది సరియైన కాలము. ఇక్కడ సాధన ప్రభావమును తెలిపే ఒక ఉదాహరణమున్నది. కెన్యా దేశములో కిప్సిగిస్ అను జాతివారు బిడ్డకు కూర్చుండుట నేర్పుతారు. నేలలో చిన్న గుంట త్రవ్వి, చుట్టును గుడ్డలు ఒత్తుపెట్టి, అందులో బిడ్డను కూర్చుండబెట్టి అలవాటు చేస్తారు. వారి బిడ్డలు పాశ్చాత్య దేశముల బిడ్డలకంటె ముందుగా కూర్చుంటారని, ముందుగా నడుస్తారని, అయితే వారు నేర్పని ప్రాకుటలో మాత్రము ముందు లేరని 1970 లలో చార్లెస్ సూపర్ అను పరిశోధకుడు గమనించినాడు. ఏ పనికి అవకాశమిస్తే ఆ పని కొంత త్వరపడుతుంది. అంతే గాని ఇందువలన వారి బిడ్డలు తరువాతి జీవితములో మరింత చురుకైనవారని చెప్పలేము.

మూడవది పాకుట. దీనికి తెలుగులో ఎన్ని మాటలున్నవో చూడండి. ప్రాకుట, పారాడుట, దోగాడుట, అంబాడుట, దేకుట. ఇన్ని మాటలు ఊరకనే పుట్టలేదు. ఒక బిడ్డ పొట్టమీద ఈడ్చుకొనిపోతుంది. ఒకటి చేతులు మోకాళ్ళు ఆనించి దోగాడుతుంది. ఇంకొకటి కూర్చున్న భంగిమలోనే పిరుదులమీద జరిగి జరిగి దేకుతుంది. దేకే బిడ్డలు సాధారణముగా కొంత ఆలస్యముగా నడుస్తారు. కొందరు ప్రాకకుండనే లేచి నిలబడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశములోను, ఘనా, నార్వే, ఒమాన్, అమెరికా దేశములలోను ఆరోగ్యవంతులైన 816 మంది బిడ్డలను గమనించి 2006 లో ఫలితములను ప్రకటించినది. అందులో నూటికి నలుగురు పైచిలుకు బిడ్డలు చేతులు మోకాళ్ళు ఆనించి దోగాడనేలేదు. వారికి లోపమేమియు లేదు.

దోగాడే బిడ్డ దూరమును తెలుసుకొంటుంది. లోతును తెలుసుకొంటుంది. 1960 లో అమెరికాలో ఎలినార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు ఒక పరీక్షను ప్రకటించినారు. పెద్ద బల్లపై మందపాటి గాజు పలక పరచినారు. సగము మేర గాజుకు ఆనుకొని గళ్ళ గుడ్డ ఉన్నది. మిగిలిన సగములో ఆ గుడ్డ క్రింద నేలమీద ఉన్నది. గాజు ఉన్నందున పడిపోయే భయము లేదు గాని చూపునకు మాత్రము అది గొయ్యి. అవతలనుండి తల్లి పిలిచినను చాలమంది బిడ్డలు ఆ గొయ్యి మీదికి రాలేదు. ఈ జంకు వయస్సుతో కంటె ప్రాకిన అనుభవముతో ఎక్కువ ముడిపడి ఉన్నదని తరువాతివారు కనుగొన్నారు. మరియొక వింత ఏమనగా, ప్రాకుటలో ఆరితేరి, ఏటవాలు దిగవచ్చునా దిగరాదా అని చక్కగా తెలిసిన బిడ్డయే, కొత్తగా నడక నేర్చిన వారములలో ఆ తెలివిని మరచినట్లు ఏటవాలులోనికి ధీమాగా నడచిపోతుంది. నిలబడిన శరీరమునకు పాఠము మళ్ళీ మొదటినుండి నేర్వవలసినదే. కనుక గారెలనాడు మెట్లకు అడ్డు పెట్టినవారు అరిసెలనాడు దానిని తీసివేయరాదు.

ఇక అరిసెలు. నడక నేర్చే బిడ్డ చేసే పరిశ్రమను పెద్దవారెవరైనను చేయగలరా అన్నది మాకు సందేహమే. న్యూయార్కులో కేరెన్ అడోల్ఫ్ అను శాస్త్రజ్ఞురాలు తన సహచరులతో 2012 లో ప్రకటించిన లెక్క ప్రకారము, 12 మొదలు 19 నెలల వయస్సులోని బిడ్డ ఆటలో ఒక గంటకు సగటున 2,368 అడుగులు వేస్తుంది. ఆ గంటలోనే సగటున 17 సార్లు పడుతుంది. తప్పటడుగులని మనము ముద్దుగా పిలిచే ఆ అడుగులలో ఎంత పట్టుదల ఉన్నదో చూడండి. పడినందుకు బిడ్డ సిగ్గుపడదు. ఎన్నిసార్లు పడినదో లెక్కపెట్టుకోదు. లెక్కపెట్టేది మనమే.

ఆ లెక్కపెట్టినవారిలో మేమును ఉన్నాము. మా పెద్దమ్మాయికి పదునాలుగు నెలలు నిండినను గోడ పట్టుకొనియే నడిచేది. మా వీధిలో ఆమెకంటె చిన్నదైన బిడ్డ పరుగులు పెట్టుచున్నది. చూచినవారెల్లరు “ఇంకా నడవలేదా?” అన్నవారే. మేము ఓర్వలేక బజారుకు పోయి, బిడ్డ నడుమ కూర్చుండి కాళ్ళతో తోసుకొనే చక్రముల బండిని ఒకదానిని కొనితెచ్చినాము. మా తల్లిగారు దానిని చూచి, “ఒరే నాయనా, దానికి నేల చూపించండిరా. బండి ఎందుకు?” అన్నది. మేము వినలేదు. చదువుకొన్నవారము గదా! నాలుగవ రోజున ఆ బండి వసారా అంచువరకు పోయి, మెట్టు మీదుగా తలక్రిందులైనది. కనుబొమ్మ పైన మూడు కుట్లు పడినవి. ఆ మచ్చ ఇప్పటికిని ఉన్నది.

ఆ పిమ్మట తెలిసికొన్నదేమనగా, అటువంటి బండ్లు నడకను త్వరపరచవు. అందులో కూర్చున్న బిడ్డ తన బరువును తాను మోయదు, తన తూకమును తాను నిలుపుకోదు, పాదముల మునివ్రేళ్ళతో తోసుకొంటుంది. నడకకు కావలసిన పాఠము అందులో లేదు. పైగా పెద్దవారి చూపు మరలేలోపల మెట్లవద్దకో, పొయ్యివద్దకో చేరుతుంది. కెనడా ప్రభుత్వము 2004 లో ఈ బండ్ల అమ్మకమునే నిషేధించినది. వెనుకటినుండి మన ఇండ్లలో ఉన్న మూడు చక్రముల కొయ్యబండి వేరు. బిడ్డ తనంతట తాను లేచి నిలబడి దానిని పట్టుకొని తోసుకొంటుంది. అయినను దానిని తోసేటప్పుడు కూడ పెద్దవారు పక్కనుండవలసినదే.

మా అమ్మాయి తన పదునారవ నెలలో, ఎవరును చూడని సమయములో గోడ వదలి, గది నడుమకు వచ్చి నిలిచినది. ఆ సాయంకాలము మా యింట అరిసెలకు బియ్యము నానబోసినారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనమును మేము అప్పుడు చదివి ఉంటే ఆ బండిని కొనియుండము. ఊతలేకుండ కూర్చుండుటకు దాదాపు 4 మొదలు 9 నెలలు, ఎవరి ఊతయు లేకుండ నడచుటకు దాదాపు 8 మొదలు 17 నెలల పైచిలుకు—ఇది ఆరోగ్యవంతులైన బిడ్డలలో కనబడిన వ్యవధి. ఎనిమిదవ నెలలో నడిచిన బిడ్డయు, పదునేడవ నెలలో నడిచిన బిడ్డయు, ఇద్దరును ఆ వ్యవధిలోనివారే. ముందు నడిచినందున బిడ్డ తెలివైనదని గాని, వెనుక నడిచినందున మందమతి అని గాని అనుటకు ఆధారము లేదు.

అయితే బిడ్డను కదలనీయక ఉంచితే ఏమగును? దీనికి రెండు ఉదాహరణములున్నవి. అమెరికాలోని హోపీ జాతివారు తొలి నెలలలో బిడ్డను ఒక పలకకు చుట్టి కట్టి ఉంచేవారు. 1940 లో వేన్ డెన్నిస్, ఆయన సతీమణి పరిశీలించి చూడగా, ఆ ఆచారము పాటించిన బిడ్డలును, పాటించని బిడ్డలును ఇంచుమించు ఒకే వయస్సులో నడిచినారు. ఆ డెన్నిస్ గారే 1960 లో టెహరాన్ నగరములోని అనాథ శరణాలయములను గురించి వ్రాసినారు. అక్కడ బిడ్డలను తొట్లలో వెల్లకిల వదలివేసేవారు. ఎత్తుకొనేవారు, పలుకరించేవారు, ఆడించేవారు అరుదు. ఆ బిడ్డలలో చాలమంది మూడవ యేట కూడ నడవలేకపోయినారు. పలకకు కట్టిన బిడ్డకు తల్లి ఉన్నది, మాటలున్నవి, తరువాత విప్పి వదలిన నేల ఉన్నది. తొట్టిలోని బిడ్డకు ఏదియు లేదు. మనము బిడ్డకు నడక నేర్పనక్కరలేదు గాని, నడక నేర్చుకొనే చోటును, పిలిచే మనిషిని ఇవ్వవలసినదే.

ఇంతవరకు “నిదానము ప్రధానము” అన్న సామెత పక్షమున చెప్పినాము. రెండవ సామెత పక్షము ఇప్పుడు.

మాతో పనిచేసే మిత్రులొకరికి ఆలస్యముగా కలిగిన కుమారుడు. ఎనిమిదవ నెలలో ఆ బిడ్డ ఏ బొమ్మనైనను కుడిచేతితోనే అందుకొనేవాడు. ఎడమ పిడికిలి బిగించియే ఉండేది. ప్రాకునప్పుడు ఎడమకాలు వెనుక ఈడ్చుకొని వచ్చేది. పదునెనిమిది నెలలు నిండినను నిలబడలేదు. మిత్రులు ఒకనాడు మధ్యాహ్న భోజనవేళ మావద్దకు వచ్చి, “ఏమండీ, మీ అమ్మాయి కూడ ఆలస్యముగానే నడిచిందన్నారు గదా, మావాడిని ఎవరికైనా చూపించమంటారా?” అని అడిగినారు. మేము నవ్వి, “తొందరేమున్నదండీ? మా అమ్మాయి పదహారు నెలలకు గాని నడవలేదు. మీవాడును నడుస్తాడు, చూడండి,” అన్నాము. వారు మా మాటను నమ్మినారు. మరి ఆరు నెలలు గడచినవి.

రెండవ యేట వైద్యునికి చూపినారు. మెదడులో ఒక ప్రక్కన జనన సమయమునకు ముందో వెనుకో కలిగిన గాయము వలన శరీరము ఎడమభాగము స్వాధీనము తప్పినదని చెప్పినారు. మెదడు వేగముగా ఎదిగే మొదటి రెండేండ్లలో వ్యాయామ చికిత్స ఎంత ముందుగా మొదలైతే అంత మేలని, ఎనిమిదవ నెలలోనే పిడికిలిని చూచి తీసుకొనివచ్చి ఉండవలసినదని కూడ అన్నారు. మిత్రులు మమ్ము ఒక్క మాటైనను అనలేదు. మాకు మాత్రము ఆ మధ్యాహ్నము నేటికిని మరపు రాలేదు. మా అమ్మాయి అనుభవము మా అమ్మాయికి మాత్రమే చెల్లును. దానిని ఇంకొక బిడ్డకు కొలబద్దగా పెట్టుటకు మాకేమి అధికారము?

2019 డిసెంబరు 26 వ తేదీ సూర్యగ్రహణమునాడు, పొరుగున ఉన్న కర్ణాటకలో కలబురగి ప్రాంతమున, అవయవలోపము గల పిల్లలను కుత్తుకలోతు మట్టిలో పూడ్చి ఉంచినారను వార్త పత్రికలలో వచ్చినది. చదివి చాలమంది ఆ తల్లిదండ్రులను నిందించినారు. మాకు నోరు రాలేదు. వారు బిడ్డను చికిత్సకు బదులు మట్టికి అప్పగించినారు. మేము చికిత్సకు బదులు ఒక ఓదార్పు మాటను అప్పగించినాము.

కనుక ప్రతి యింటివారును జ్ఞాపకముంచుకొనవలసిన కొన్ని గుర్తులను నెమ్మదిగా చెప్పుతాము. నాలుగు నెలలు నిండినను మెడ నిలువకుంటే చూపించవలెను. తొమ్మిది నెలలు నిండినను ఊతలేకుండ కూర్చుండకుంటే చూపించవలెను. పదునెనిమిది నెలలు నిండినను నడవకుంటే చూపించవలెను. ఏడాదిలోపల ఒక చేతినే వాడుచు రెండవ చేతిని వదలివేస్తే, అది చేతివాటమని సరిపెట్టుకోరాదు. ఒళ్ళు కర్రవలె బిగుసుకొని ఉన్నను, గుడ్డపేలికవలె వ్రేలాడుచున్నను చూపించవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది, నిన్నటివరకు చేసిన పనిని బిడ్డ నేడు చేయలేకపోతే ఒక్క వారము కూడ ఆగరాదు. నెలలు నిండకుండ పుట్టిన బిడ్డకు వయస్సును పుట్టిన తేదీనుండి గాక, పుట్టవలసిన తేదీనుండి లెక్కించుట వైద్యుల పద్ధతి. అటువంటి బిడ్డ విషయములో మొదటినుండియే వైద్యుని పర్యవేక్షణము ఉండవలెను. మెదడుకు సంబంధించిన ఇటువంటి చలన లోపమును ఆరు నెలలలోపుననే గుర్తించే పద్ధతులు ఇప్పుడు ఉన్నవి.

ఇందుకు ధనవంతులే కానక్కరలేదు. 2013 లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము ప్రకారము అంగన్‌వాడీలలోను, ప్రభుత్వ పాఠశాలలలోను పిల్లలను పరీక్షించి, అవసరమైనవారిని జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రములకు పంపే ఏర్పాటు ఉన్నది. టీకాలకు వెళ్ళినప్పుడే ఆరోగ్య కార్యకర్తను అడుగవచ్చును. అడిగి, ఏమియు లేదనిపించుకొని వచ్చుటలో నష్టమేమున్నది? ఒక పూట పని చెడుతుంది, అంతే.

అరిసెలతో ఈ విద్య ముగియదు. రెండవ ఏడు నిండేసరికి బిడ్డ పరుగెత్తుతుంది, బంతిని తన్నుతుంది, పట్టుకొని మెట్లెక్కుతుంది. ఆ తరువాత రెండు కాళ్ళు ఎత్తి గెంతుతుంది. మూడవ యేట ఒంటికాలిపై క్షణకాలము నిలుస్తుంది. నాలుగైదేండ్లకు ఒంటికాలితో కుంటుతుంది. తొక్కుడుబిళ్ళకు అప్పుడు అర్హత వచ్చినట్లు. తొక్కుడుబిళ్ళలో గీత తొక్కకుండ ఒంటికాలిపై గెంతుట, ఒప్పులకుప్పలో గిరగిర తిరిగి తూలకుండ నిలుచుట, దాగుడుమూతలలో పరుగెత్తి చటుక్కున ఆగుట—వీటిలో తూకము, బలము, అదుపు అన్నియు ఉన్నవి. ఏడాది నిండిన పిల్లలు దినమునకు మొత్తముమీద మూడు గంటలైనను ఏదో విధముగా ఒళ్ళు కదల్చుచుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 లో చెప్పినది. అంతస్తుల ఇండ్లలో వాకిలి లేదు, వీధిలో బండ్ల రద్దీ, చేతికి అందుబాటులో ఫోను. బిడ్డ అన్నము తినుటకు ఫోను, ఏడుపు మానుటకు ఫోను. ఆ మూడు గంటలు ఎక్కడనుండి రావలెను? మేడమీద చుట్టును ఎత్తైన పిట్టగోడ ఉంటే, పెద్దవారు పక్కనుండి, సాయంకాలము అక్కడ సుద్దతో నాలుగు గళ్ళు గీసి ఇవ్వండి. మంచమును గోడకు జరిపి గదిలో ఒక చాప మేర చోటు చేయండి. దిండ్లను వరుసగా పేర్చి ఎక్కి దిగమనండి. ఖర్చు లేని పనులివి.

మా మిత్రుల కుమారుడు మూడవ యేట, కాలికి ఆధారపు పట్టీ కట్టుకొని, తండ్రి వ్రేలు వదలి ఆరు అడుగులు వేసినాడు. మరునాడు మిత్రులు ఒక డబ్బా తీసుకొనివచ్చి మా బల్లమీద పెట్టినారు. మూత తీయకముందే బెల్లము, నేయి వాసన వచ్చినది. “మావాడి అరిసెలండీ,” అన్నారు. మేము తీసుకొన్నాము గాని వెంటనే తినలేకపోయినాము. ఇప్పుడు ఆ బాలుడు బడికి పోవుచున్నాడు. కొంత ఒరిగి నడుస్తాడు. అయినను నడుస్తాడు, తోటివారితో ఆడుతాడు.

మా మాటను గుర్తుంచుకొనేవారు ఇంతమాత్రము గుర్తుంచుకొంటే చాలును. బిడ్డకు నేల ఇవ్వండి. పక్కింటి బిడ్డతో పోల్చకండి. అరిసెలకు తొందర వద్దు. అనుమానము కలిగినప్పుడు మాత్రము వైద్యునివద్దకు వెళ్ళుటకు ఆలస్యము వద్దు.